దిగడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టుకున్న చాలామంది మొదటిరోజే పెద్ద ఎయిర్‌బస్ ఎక్కి కూర్చుంటారు. మీరు ఆ పని చేయకండి. సరదాకే అయితే మీ ఇష్టం. దాని ముందు గడిపే గంటన్నర మీ బుర్రకు కూడా పనికిరావాలంటే మాత్రం పాత విమానం పట్టుకోండి. పాతదంటే రెక్కలకు గుడ్డ బిగించిన కాలం నాటిది కాదు, 1970ల నాటి చిన్న బిజినెస్ జెట్. నా ఓటు లియర్‌జెట్ 35ఏకి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో నడిపేందుకు ఫ్లైసిమ్‌వేర్ అనే సంస్థ 2023లో దీన్ని తెచ్చింది. ఓ మోస్తరు గేమింగ్ కంప్యూటర్, కొన్ని వేలకు దొరికే జాయ్‌స్టిక్ ఉంటే చాలు.

పాతదే ఎందుకంటారా? కొత్త విమానం మీ బదులు ఆలోచించేస్తుంది. ఎంత వేగంతో పోవాలో, ఎక్కడ కిందికి దిగడం మొదలుపెట్టాలో అదే లెక్కకట్టి, తెర మీద గుర్తు పెట్టి మరీ చూపిస్తుంది. 35ఏలో అలాంటి గుర్తులుండవు. ఇంజిన్ శక్తిని తనంతట తానే సవరించే ఆటోథ్రాటిల్ ఉండదు. ఎదురుగా గుండ్రటి మీటర్లు వరసగా ఉంటాయి. ముల్లు ఎక్కడుందో అవి చెబుతాయి. ఎక్కడ ఉండాలన్నది మీకు తెలిసి ఉండాలి.

అందుకే ఈ విమానం దగ్గర నేర్చుకోగలిగేది ప్రధానంగా ఒక్కటే: జరగబోయేదానికి ఒక అడుగు ముందుండడం. మన ఇబ్బందుల్లో చాలా వాటికి తెలివి తక్కువై కాదు, ఆలోచన ఆలస్యమై దొరికిపోతాం. తెలివి పెంచుకోవడం కష్టం కానీ, ఆలోచనను కాస్త ముందుకు జరుపుకోవడం సాధనతో వచ్చేదే.

యుద్ధవిమానం రెక్కతో పుట్టింది

లియర్‌జెట్‌లకు ఆద్యుడైన బిల్ లియర్ ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన అమెరికన్. ఆటోపైలట్ మీద చేసిన కృషికి కొలియర్ ట్రోఫీ అందుకున్నాడు. ఒకప్పుడు కార్లలో మోగిన ఎయిట్-ట్రాక్ టేపు కూడా ఆయన చలవే. స్విట్జర్లాండ్‌లో పీ-16 అనే యుద్ధవిమానం తయారీ మొదలై, 1958లో అక్కడి ప్రభుత్వం ఆర్డరు రద్దు చేయడంతో మూలన పడింది. లియర్ కన్ను దాని రెక్క మీద పడింది. ఆ రెక్క ఆధారంగా కాన్సస్ రాష్ట్రం విచిటాలో ప్రయాణికుల జెట్ కట్టించాడు. అది 1963 అక్టోబరు 7న తొలిసారి ఎగిరింది. దాని పేరు లియర్‌జెట్ 23. మన 35ఏకు ముందు వచ్చిన 35 పదేళ్ల తర్వాత, 1973 ఆగస్టులో గాల్లోకి లేచింది. ఒక్కో ఇంజిన్ 3,500 పౌండ్ల థ్రస్ట్ ఇస్తుంది. లోపల నిటారుగా నిలబడలేరు కానీ, మనం టికెట్ కొని ఎక్కే విమానాలు తిరిగే ఎత్తు దాటి 45,000 అడుగుల దాకా పోవచ్చు. దీని జంట మోడల్ 36లో గోల్ఫ్ ఆటగాడు ఆర్నాల్డ్ పామర్ 1976 మేలో డెన్వర్‌లో బయల్దేరి, మధ్యలో శ్రీలంకలోనూ దిగి, 57 గంటల 25 నిమిషాల్లో భూమిని చుట్టేసి మళ్లీ డెన్వర్ చేరాడు. చిట్టచివరి లియర్‌జెట్ 2022 మార్చిలో ఫ్యాక్టరీ గడప దాటింది.

చరిత్ర చాలు. మీకు కావాల్సిన సంగతి ఏమిటంటే, యుద్ధవిమానం పోలికలు దీన్ని వదల్లేదు. తేలిగ్గా ఉన్నప్పుడు నిమిషానికి 4,000 అడుగులకు పైగా ఎక్కుతుంది. టేకాఫ్ అయ్యాక మీరు చక్రాల గేర్ ఎత్తి, రెక్కల ఫ్లాప్స్ తీసి, ‘ఇప్పుడేం చేయాలి?’ అని అటూ ఇటూ చూసేలోగా కంట్రోలర్ ఆగమన్న 5,000 అడుగులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. కొత్తవాళ్ల చేతుల్లో ఇది మొదటి రెండు నిమిషాల్లోనే మొండికేసినట్టు కనిపిస్తుంది. నిజానికి అది చెప్పినట్టే వింటోంది. చెప్పేవాళ్లే వెనకబడ్డారు.

కాబట్టి మొదటి సూత్రం రన్‌వే మీద ఉండగానే పాటించాలి. బ్రేకులు వదలకముందు, వదిలాక చేయబోయే మూడు పనులు పైకి అనండి. గేర్ ఎప్పుడు ఎత్తాలి, ఏ వేగం దగ్గర ఫ్లాప్స్ తీయాలి, ఏ ఎత్తు దగ్గర శక్తి తగ్గించాలి. ఇంట్లోవాళ్లు మిమ్మల్ని వింతగా చూస్తారు. చూడనివ్వండి. మనసులో అనుకున్నది సగమే ఉంటుంది. నోటితో అన్నప్పుడు మిగతా సగం లేదన్న సంగతి బయటపడుతుంది. సోమవారం మీటింగుకు వెళ్లే ముందు కూడా మొదటి మూడు వాక్యాలు ఇలాగే పైకి అని చూడండి, ఎక్కడ తడబడతారో అక్కడే తెలిసిపోతుంది.

పొయ్యి మీద పాలు

ఇంజిన్ స్టార్ట్ చేయడం దీంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. కొత్త విమానంలో స్విచ్ తిప్పితే మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది. ఇక్కడ స్టార్ట్ స్విచ్ వేశాక టర్బైన్ వేగం చూపే ముల్లు సున్నా నుంచి మెల్లగా లేస్తుంది. 10 శాతం దాకా మీరు ఆగాలి. అక్కడ ఇంజిన్ లివర్‌ను ఇంధనం ఆపే కటాఫ్ నుంచి ఐడిల్‌కి జరపాలి. లోపల మంట అంటుకుంటుంది. పక్క మీటరులో ఉష్ణోగ్రత ముల్లు గబుక్కున పైకి పరుగెత్తుతుంది. పొయ్యి మీద పాలను చూసినట్టు దాన్నే చూడాలి. ఎర్రగీత వైపు దూసుకుపోతుంటే లివర్ వెంటనే వెనక్కి, కటాఫ్‌లోకి. ఒక్క క్షణం తటపటాయించినా అసలు విమానంలో అయితే లక్షల డాలర్ల ఇంజిన్ కాలిపోతుంది.

గమనించాల్సింది ఏమిటంటే, ‘ఆపెయ్యాలా?’ అన్న ప్రశ్నను పైలట్ ఆ క్షణంలో వేసుకోడు. జవాబు స్టార్ట్ స్విచ్ ముట్టుకోకముందే సిద్ధంగా ఉంటుంది. టేకాఫ్‌లోనూ ఇంతే. ప్రతి జెట్‌కూ ఆ రోజు బరువును, ఎండను, రన్‌వే పొడవును బట్టి ఒక నిర్ణయ వేగం లెక్కకడతారు. ఆ వేగం లోపల ఇంజిన్ పోతే ఆపేస్తారు. దాటాక పోతే మిగిలిన ఇంజిన్‌తోనే పైకి లేస్తారు. గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెడుతున్నప్పుడు మనిషి బుర్ర మంచిచెడ్డలు బేరీజు వేయలేదని విమానయానం ఎప్పుడో ఒప్పుకుంది. బేరీజు అంతా ముందే, ఏసీ గదిలో, కాగితం మీద అయిపోతుంది.

మనం దీన్ని ఎక్కడ వాడుకోవచ్చు? హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల చుట్టూ గ్రూప్-1కు చదివే కుర్రాళ్లను చూడండి. ఎన్ని ప్రయత్నాలు చేయాలి, ఏ వయసు దాకా చేయాలి అన్నది చాలామంది ఫలితాలు వచ్చిన రోజు రాత్రి తేల్చుకుంటారు. ఆ రాత్రి కంటే చెడ్డ సమయం ఇంకొకటి లేదు. దుఃఖంలో ఉన్నవాడు ‘మానేస్తా’ అంటాడు, లేదా పంతంకొద్దీ ‘ఇంకో రెండేళ్లు’ అంటాడు. రెండూ నిర్ణయాలు కావు. మొదటి పుస్తకం కొన్నరోజే ఒక కాగితం మీద గీత గీసుకోండి. షేర్లలో డబ్బు పెట్టేవాళ్లకూ, చేబదులు ఇచ్చేవాళ్లకూ ఇదే మాట. ఎక్కడ ఆగాలో మొదలుపెట్టకముందే రాసి పెట్టుకోండి.

తెలిసిన పనే కదా

లియర్ కట్టించిన మొట్టమొదటి విమానం ఏమైందో తెలుసా? 1964 జూన్‌లో ప్రభుత్వ అనుమతుల కోసం పరీక్షలు జరుగుతున్నాయి. ఒక ఇంజిన్ పోయినట్టు నటిస్తూ టేకాఫ్ సాధన చేస్తున్నారు. రెక్కల మీద స్పాయిలర్లని పలకలు ఉంటాయి. అవి పైకి లేస్తే రెక్క ఎత్తే శక్తి తగ్గిపోతుంది. దిగేటప్పుడు వాటితో పని, ఎగిరేటప్పుడు అవి మూసి ఉండాలి. ఆ రోజు మూయడం మరిచి టేకాఫ్ తీసుకున్నారు. విమానం సరిగ్గా ఎక్కలేక పొలంలో దిగి తగలబడిపోయింది. లోపల ఉన్నవాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్లు కొత్తవాళ్లు కాదు, పరీక్షించడమే వృత్తిగా ఉన్న పైలట్లు. తప్పు విమానానిది కాదని తేలడంతో ఆ జులై నెలాఖరుకల్లా అనుమతి వచ్చేసింది, బీమా సొమ్ము కూడా చేతికందింది. లియర్ అదృష్టజాతకుడు.

అనుభవజ్ఞులే ఎందుకు మరిచిపోతారు? తెలిసిన పని గనకనే. తెలియనివాడు కాగితం చూసి చేస్తాడు. తెలిసినవాడు ‘నాకు తెలుసులే’ అని చేయి ఊపేస్తాడు. మన దగ్గర ఈ జబ్బు కాస్త ఎక్కువనే చెప్పాలి. కాగితం చూసి చేసేవాణ్ని మనం పనిరానివాడిగా చూస్తాం. వంద శ్లోకాలు కంఠస్థం చేసినవాడిని పొగిడే అలవాటు వల్లనో ఏమో, గుర్తుపెట్టుకోవడమే ప్రతిభ అనుకుంటాం. కాక్‌పిట్‌లో ఇరవై ఏళ్ల అనుభవమున్న కెప్టెన్ కూడా ప్రతి టేకాఫ్‌కూ అదే చెక్‌లిస్ట్ చదివిస్తాడు, అదే జవాబు చెబుతాడు.

సిమ్యులేటర్‌లో దీన్ని సరిగ్గా చేసే పద్ధతి ఉంది. ముందు చేయాల్సినవన్నీ అలవాటు ప్రకారం చేతితో చేసేయండి. ఆ తర్వాత చెక్‌లిస్ట్ తీసి ఒక్కొక్కటీ చదువుతూ కంటితో చూసి నిర్ధారించుకోండి. చదువుతూ చేయడం వేరు, చేసి చదవడం వేరు. రెండోదే తప్పును పట్టుకుంటుంది. ‘స్పాయిలర్లు?’ అని చదివి, లివర్ వైపు చూడకుండానే ‘మూసి ఉన్నాయి’ అన్నారంటే మీరు చెక్‌లిస్ట్ చదవలేదు, పారాయణం చేశారు. ఆఫీసులో మెయిల్ పంపేముందు ‘అటాచ్‌మెంట్ పెట్టానా?’ అనుకుని ఫైలు వైపు చూడకుండానే మీట నొక్కేయడం కూడా ఇదే బాపతు.

బాగానే ఉన్నాను

ఇంకో సంఘటన చెప్పాలి. ఇది నవ్వుకునేది కాదు. 1999 అక్టోబరు 25న ఒక లియర్‌జెట్ 35 ఫ్లోరిడాలోని ఓర్లాండో నుంచి డాలస్‌కు బయల్దేరింది. అందులో ప్రసిద్ధ గోల్ఫ్ ఆటగాడు పేన్ స్టీవర్ట్ ఉన్నాడు. పైకి ఎక్కుతుండగా 23,000 అడుగుల దగ్గర పైలట్ కంట్రోలర్‌కు మామూలుగా జవాబిచ్చాడు. కొన్ని నిమిషాలకు పిలిస్తే పలకలేదు. యుద్ధవిమానాలు దగ్గరికి వెళ్లి చూస్తే కిటికీల లోపలివైపు మంచు పట్టినట్టు ఉంది. ఆటోపైలట్ దాన్ని దాదాపు నాలుగు గంటలు మోసుకుపోయింది. ఇంధనం అయిపోయి సౌత్ డకోటా పొలాల్లో కూలింది. లోపలున్న ఆరుగురూ పోయారు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోయి, పైలట్లకు ఆక్సిజన్ అందక స్పృహ తప్పిందని దర్యాప్తు తేల్చింది. ఒత్తిడి ఎందుకు పోయిందన్నది తేలలేదు.

40,000 అడుగుల మీద మాస్కు లేకుండా పనికొచ్చే స్పృహ ఉండేది 15 నుంచి 20 సెకన్లు. అంతకన్నా భయంకరమైన సంగతి మరొకటుంది. ఆక్సిజన్ తగ్గిన మెదడుకు తాను తగ్గుతున్నట్టు తెలియదు. హాయిగా, ధీమాగా ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకే పైలట్లకు నూరిపోసేది ఇది: హెచ్చరిక మోగితే మాస్కు ముందు, కారణం తర్వాత.

మన స్థాయిలో దీన్ని నిద్రకు అన్వయించుకోండి. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్రలేని మనిషిని అడగండి, ‘నేను బాగానే ఉన్నాను’ అంటాడు. కోపంలో ఉన్నవాణ్ని అడగండి, ‘నాకేం కోపం లేదు’ అని అరుస్తాడు. మన పరిస్థితిని అంచనా వేయాల్సిన పనిముట్టే దెబ్బతిన్నప్పుడు అంచనాను నమ్మి లాభం లేదు, నియమాన్ని నమ్మాలి. రాత్రి 11 దాటాక ఆఫీసు మెయిల్‌కు జవాబివ్వను. ఇంట్లో గొంతు లేచిన రోజున డబ్బు విషయం తేల్చను. ఇలాంటివి రెండు మూడు, బుర్ర చల్లగా ఉన్న ఆదివారం ఉదయం రాసుకోండి. అవసరమైన వేళ ఆలోచించకుండా పాటించండి.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇంటి సిమ్యులేటర్‌లో ఊపిరి ఆడకపోవడం ఉండదు, భయం ఉండదు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటలు ఎగరాలి. ఇంటి కంప్యూటర్ ముందు గడిపిన గంటల్లో ఒక్కటీ అందులో చేరదు. అలాగని చులకన చేయక్కర్లేదు. ఆర్గాన్లు, పియానోలు తయారుచేసే కుటుంబంలో పుట్టిన ఎడ్ లింక్ 1929లో గాలి తిత్తులతో కదిలే చెక్క పెట్టెను పైలట్ శిక్షణ యంత్రంగా మార్చాడు. మొదట్లో దాన్ని వినోదశాలల్లో ఆటవస్తువుగానే కొన్నారు. 1934లో టపా మోసే బాధ్యత నెత్తిన పడి, చెడ్డ వాతావరణంలో వరసగా పైలట్లు చనిపోయాక అమెరికా సైన్యం అవే పెట్టెలు ఆరు కొంది. పనిముట్టు అయ్యేదీ బొమ్మ అయ్యేదీ వాడేవాణ్ని బట్టే. మీ విషయంలో తేడా అంతా పాజ్ మీటలో ఉంది. గందరగోళం అవగానే పాజ్ నొక్కి కాఫీ తెచ్చుకుంటే అది బొమ్మ. నొక్కకుండా గందరగోళంలోంచే దారి వెతుక్కుంటే పనిముట్టు.

మూడుతో గుణించండి

ఇక అసలు విషయం. బీటెక్ మూడో ఏడు చదువుతున్న మా మేనల్లుడు ఒకరోజు విచిటా నుంచి డెన్వర్‌కు బయల్దేరాడు. రెండూళ్ల మధ్య దూరం సుమారు 365 నాటికల్ మైళ్లు. టేకాఫ్ బాగా తీశాడు, 40,000 అడుగులకు ఎక్కాడు, ఆటోపైలట్ వేశాడు. మేఘాల ఫొటోలు తీసుకుని స్నేహితులకు పంపాడు. డెన్వర్‌కు 30 మైళ్ల దూరంలో చూసుకుంటే ఇంకా 26,000 అడుగుల మీద ఉన్నాడు. ముక్కు కిందికి నొక్కితే వేగం మించి హారన్ మోగింది. పైకెత్తితే దిగడం ఆగిపోయింది. స్పాయిలర్లు తెరిచాడు. ఎంత చేసినా విమానాశ్రయం మీదికొచ్చేసరికి 14,000 అడుగుల ఎత్తులో ఉన్నాడు.

“మామయ్యా, ఇది దిగనంటోంది!”

“అది దిగుతుందిరా. నువ్వే ఆలస్యంగా అడిగావు.”

లెక్క చిన్నదే. దిగాల్సిన ఎత్తును వేలల్లో తీసుకుని మూడుతో గుణించాలి. డెన్వర్ విమానాశ్రయమే సముద్రమట్టానికి సుమారు 5,400 అడుగుల ఎత్తున ఉంది. 40,000లోంచి అది తీసేస్తే 35 వేలకు కాస్త తక్కువ. మూడుతో గుణిస్తే 105 మైళ్లు. నున్నటి ఒంటి విమానం కదా, దిగుతూనే వేగం తగ్గమంటే వినదు. వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది మైళ్లు కలపండి. అంటే ప్రయాణంలో దాదాపు మూడోవంతు మిగిలి ఉండగానే దిగడం మొదలవ్వాలి. కిటికీలోంచి చూస్తే అప్పటికి డెన్వర్ కనిపించను కూడా కనిపించదు. నిమిషానికి ఎంత దిగాలంటారా? నేల మీద మీ వేగంలో సగం తీసుకుని పక్కన సున్నా పెట్టండి. 400 నాట్లు అయితే 2,000 అడుగులు. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనక నుంచి తోస్తే వేగం 500 అవుతుంది, అప్పుడు 2,500. వెళ్లేటప్పుడు సరిపోయిన అంకె వచ్చేటప్పుడు సరిపోదు.

మనవాళ్లలో మొదలుపెట్టడానికి ముహూర్తం చూసేవాళ్లే కానీ, ముగించడం ఎప్పుడు మొదలుపెట్టాలో చూసేవాళ్లు తక్కువ. సిలబస్ పూర్తిచేయడం పరీక్ష ముందురోజు రాత్రికి పెట్టుకుంటారు. ఉద్యోగం మారుతూ నోటీసు గడువంతా కబుర్లతో గడిపి, చివరి రెండు రోజుల్లో పనంతా అప్పగించబోతారు. రిటైరయ్యే నెలలో ‘తర్వాత ఏం చేయాలి’ అని ఆలోచిస్తారు. ముగింపుకు కూడా దూరం కావాలి. గమ్యం కంటికి కనిపించాక మొదలుపెడితే హారన్ మోగుతుంది. మీ చేతిలో ఉన్న పనికి గడువు తేదీ రాయండి. దానికి వెనక్కి లెక్కపెట్టి, కొత్తవి చేర్చడం ఆపేసే తేదీ రాయండి. రెండో తేదీ మొదటిదానికన్నా ముఖ్యం.

మా మేనల్లుడి అసలు ఇబ్బంది లెక్క రాకపోవడం కాదు. తీరిక దొరికినప్పుడు దాన్ని ఖర్చుపెట్టేశాడు. 40,000 అడుగుల మీద, ఆటోపైలట్ నడుపుతుండగా చేతికి పని లేదు. మంచి పైలట్లు అప్పుడే తర్వాతి రెండు పనులేమిటో తేల్చుకుంటారు. రెక్కల్లో, రెక్కల కొసల్లో, వెనక ఒంట్లో కలిపి అయిదు ట్యాంకులున్న విమానం ఇది. కొసల్లో ఇంధనం రెండువైపులా సమంగా తగ్గుతోందా చూస్తారు. డెన్వర్ వాతావరణం వింటారు. దిగే వేగం లెక్కకట్టి కాగితం మీద రాసుకుంటారు. మీరు కూడా పని ఒత్తిడి లేని అరగంటలో ‘తర్వాత రెండూ ఏమిటి?’ అని అడిగే అలవాటు చేసుకోండి. మూడు వద్దు, రెండు చాలు. మూడోది ఎలాగూ మారిపోతుంది.

రోజుకో కొత్త ఊరు తిరగకండి. అదే విచిటా, అదే డెన్వర్. దారి మారకపోతేనే మీరు మారుతున్నారో లేదో తెలుస్తుంది. దిగాక మార్కులు వేసుకోవద్దు. ఏ చోట విమానం ముందుకుపోయి మీరు వెనకబడ్డారో ఒక్క వాక్యం రాసుకోండి. సాధారణంగా అదే చోట మళ్లీ మళ్లీ వెనకబడుతుంటారు. నా పరిచయస్తుల్లో ఎక్కువమందికి అది 10,000 అడుగుల దగ్గర వస్తుంది, వేగం 250 నాట్లకు తగ్గించాల్సిన చోట.

చివర్లో ల్యాండింగ్ గురించి. రన్‌వే ఎదురుగా ఉంది, 500 అడుగుల ఎత్తుకు వచ్చారు, కానీ వేగం ఎక్కువగా ఉంది, లేదా వరస తప్పి పక్కకు ఉన్నారు. అప్పుడు సర్దుకుపోకూడదు, పైకి లేచి మళ్లీ రావాలి. దీన్ని గో-అరౌండ్ అంటారు. సిమ్యులేటర్‌లో దీన్ని చేసేవాళ్లను అరుదుగా చూశాను. ఇంతదూరం వచ్చాం కదా అని విమానాన్ని ఎలాగోలా నేలకు కొట్టేస్తారు. కాబట్టి ఈసారి డెన్వర్‌లో అంతా సవ్యంగా ఉన్నా సరే, 500 అడుగుల దగ్గర కావాలనే ఒకసారి చేయండి. శక్తి పెంచండి, ముక్కు ఎత్తండి, ఫ్లాప్స్ తగ్గించండి, ఎక్కుతున్నట్టు మీటరు చూపగానే గేర్ లోపలికి. తర్వాత మళ్లీ చుట్టు తిరిగి వచ్చి దిగండి. ఇంధనానికి బిల్లు రాదు.